మొప్పల నుంచి కంచం దాకా



చెరువులో చేపలు తెల్లగా తేలితే ఊరంతా గట్టు మీదే ఉంటుంది. కానీ లోహాల విషం చాలాసార్లు చేపను ఒక్కసారిగా చంపదు. లోలోపలే గుల్ల చేస్తుంది.

పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర నది వైపు పారిన కథ మనకు కొత్త కాదు. వాగు నీటిలో సీసం, కాడ్మియం, రాగి వంటి లోహాలు మితిమీరితే మొదటి దెబ్బ మొప్పలకే. చేపకు ఊపిరీ, ఒంట్లో లవణాల సమతూకమూ వాటివల్లనే. లోహం తగిలితే మొప్పలపై జిగురు పేరుకుని, చేప గాలికోసం పైకి వచ్చి నోరు తెరుస్తుంది.

రాగి ఎక్కువైతే ఒంట్లోని సోడియం తగ్గిపోతుంది, వాసన పట్టే శక్తి మందగిస్తుంది. అప్పుడు మేత జాడా అందదు, శత్రువు జాడా తెలియదు. కాడ్మియం కాల్షియం దారినే లోపలికి దూరి కాలేయంలో, మూత్రపిండాల్లో తిష్ఠ వేస్తుంది. సీసం రక్తం తయారీకి అడ్డుపడుతుంది.

పాదరసం తీరు ఇంకా ప్రమాదకరం. అడుగు బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. నాచు నుంచి పురుగులకు, పురుగుల నుంచి చిన్న చేపలకు, చివరికి వాలుగ, కొర్రమీను వంటి వేటాడే చేపలకు చేరేసరికి దాని మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది కండలోనే ఉంటుంది కాబట్టి ఎంత ఉడికించినా పోదు.

అందుకే పాత బ్యాటరీలు, మిగిలిన రంగులు చెరువుల్లో, వాగుల్లో పారేయకండి. కార్ఖానా మురుగు చేరే నీటి చేపలను వండకండి.