ఊక బూడిదను గుట్టలు పోయడం కాదు, కాలువలకు వాడాలి
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, నీటి విడుదల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈరోజు మన ధాన్యంతో పాటు మిల్లుకు పోయే ఊక గురించి మాట్లాడుకుందాం.

100 క్వింటాళ్ల ధాన్యం ఆడిస్తే సుమారు 20 క్వింటాళ్ల ఊక వస్తుంది. దాన్ని కాలిస్తే 4 క్వింటాళ్ల దాకా బూడిద మిగులుతుంది. కస్టమ్ మిల్లింగులో తవుడు, ఊక మిల్లుకే మిగులుతున్నాయి. బూడిద మాత్రం గాలికి లేచి మన పైరు మీద, మన కళ్లలో పడుతోంది.

సరిగా కాల్చిన ఊక బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికా ఉంటుంది. సిమెంటు నీటితో గట్టిపడేటప్పుడు కొంత సున్నం విడుదలవుతుంది. అది క్రమంగా నీటిలో కరిగిపోతే కాంక్రీటు గుల్లబారుతుంది. మెత్తగా మరపట్టిన ఊక బూడిద కలిపితే సిలికా ఆ సున్నంతో కలిసి బంకలా మారి సందులు పూడుస్తుంది. ఉప్పునీరు లోపలి ఇనుప చువ్వల దాకా తొందరగా చేరదు. మన తాతలు సున్నంలో ఇటుక పొడి, అంటే సుర్కీ కలిపింది ఇందుకే. నేడు మనం కొనే పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం థర్మల్ కేంద్రాల బూడిదే ఉంటుంది.

అయితే ఏ బూడిద పడితే అది పనికిరాదు. నల్లగా ఉందంటే అందులో బొగ్గు మిగిలిందన్నమాట. అది నీళ్లు ఎక్కువ తాగుతుంది, బలం తగ్గిస్తుంది. మరీ ఎక్కువ వేడిలో కాలితే సిలికా సున్నంతో సరిగా కలవదు. సుమారు 600–700 డిగ్రీల్లో కాలాలి. కాబట్టి మిల్లు గుట్ట నుంచి తెచ్చి ఇంటి స్లాబులో ఎవరూ కలపవద్దు.

ఐఎస్ 456:2000 ప్రమాణం ఊక బూడిదను అధికారి ఆమోదంతో వాడవచ్చంటోంది. లైనింగు పగిలితే ముందు ఎండేది చివరి ఆయకట్టు రైతు పొలమే. అందుకే మనం కోరేవి మూడు.

ఒకటి, మిల్లులు బూడిదను ఆరుబయట పోయకూడదు.

రెండు, ప్రభుత్వం ఇంజనీరింగు కాలేజీల్లో బూడిదను పరీక్ష చేయించి, ముందుగా ఒక పంట కాలువ లైనింగులో వాడి చూడాలి. ఫలితం రైతులకు చెప్పాలి.

మూడు, ఊకకు, బూడిదకు వచ్చే విలువలో రైతుకు వాటా ఉండాలి. రేపు బూడిదకు గిరాకీ వచ్చాక అడిగితే మన మాట వినేవారుండరు.

ఈ మూడింటి మీద వచ్చే నెల ప్రతి గ్రామ శాఖలో చర్చించి, తీర్మానాలు చేసి, మండల కార్యాలయాల్లో అందజేద్దాం.