డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని పైథాన్‌తో సర్దేద్దాం

ఈరోజు ఎపిసోడ్‌లో పైథాన్‌లో ఫైల్స్, ఫోల్డర్స్ పనిని తేలిక చేసే పాత్‌లిబ్ గురించి చూద్దాం. ల్యాప్‌టాప్ లేదా? పర్లేదు. ఫోన్‌లో పైడ్రాయిడ్ వేసుకుని, స్టోరేజ్ పర్మిషన్ ఇస్తే చాలు.

పాత పద్ధతిలో, అంటే ఓఎస్ మాడ్యూల్‌లో, పాత్ అనేది ఒట్టి స్ట్రింగ్. రెండు పేర్లు కలపాలంటే ఓఎస్ డాట్ పాత్ డాట్ జాయిన్ అని అంత పొడుగు రాయాలి. 2014లో పైథాన్ 3.4తో పాత్‌లిబ్ వచ్చింది. ఇందులో పాత్ ఒక ఆబ్జెక్ట్. ఏం కావాలన్నా దాన్నే అడగొచ్చు. నీ పేరేంటి? డాట్ నేమ్. ఎక్స్‌టెన్షన్ ఏంటి? డాట్ సఫిక్స్. అసలు ఉన్నావా? డాట్ ఎగ్జిస్ట్స్. ఫోల్డర్‌కి ఫైల్ పేరు కలపాలంటే మధ్యలో ఒక్క స్లాష్ గుర్తు పెడితే సరి.

ఇప్పుడు మన డౌన్‌లోడ్స్ సర్దుదాం. ఐటర్‌డిర్‌తో లోపలున్నవన్నీ ఒక్కొక్కటిగా తీసుకుంటాం. సఫిక్స్ పీడీఎఫ్ అయితే, ఎంకేడిర్‌తో "పీడీఎఫ్‌లు" అని ఫోల్డర్ చేసి, రీనేమ్‌తో అందులోకి పంపిస్తాం. ఎంకేడిర్‌లో ఎగ్జిస్ట్-ఓకే ట్రూ అని పెట్టండి, లేకపోతే రెండోసారి రన్ చేసినప్పుడు ఎర్రర్ వస్తుంది. కొన్ని ఫైల్స్‌కి ఎక్స్‌టెన్షన్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అందుకే సఫిక్స్‌కి లోయర్ కూడా తగిలించండి.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. పోయిన సెమిస్టర్ మార్క్స్ మెమో "మెమో డాట్ పీడీఎఫ్" అని దిగింది, సర్దేశాం. ఈ సెమిస్టర్‌దీ అదే పేరుతో దిగింది. పాతది అక్కడే ఉంటే బ్రౌజర్ పేరు పక్కన ఒకటి అని నంబర్ వేసేది. కానీ మనం దాన్ని వేరే చోటికి పంపేశాం కదా! మళ్లీ రన్ చేస్తే కొత్త మెమో పాతదాని మీద కూర్చుంటుంది. విండోస్‌లో అయితే రీనేమ్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆండ్రాయిడ్‌లో, లినక్స్‌లో చడీచప్పుడు లేకుండా పాతది పోతుంది. ట్రాష్‌లో వెతికినా దొరకదు.

అందుకే రెండు అలవాట్లు చేసుకోండి. రీనేమ్‌కి ముందు, వెళ్లే చోట ఆ పేరు ఉందేమో ఎగ్జిస్ట్స్‌తో అడగండి. ఉంటే ఆ ఫైల్‌ని వదిలేయండి. ఇంకోటి, మొదటిసారి రీనేమ్ బదులు ప్రింట్ పెట్టి, ఏది ఎక్కడికి వెళ్తుందో కళ్లారా చూసుకోండి. అంతా సరిగ్గా ఉంటేనే అసలు లైన్ రాయండి.

ఈ కోడ్ మీరే టైప్ చేసి చూడండి. తర్వాతి ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!