గేటు ముందు వ్యాపారం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాఫ్టువేరు, స్టార్టప్‌లు, వ్యాపారం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మేము ప్రోగ్రాములు రాసేవాళ్ళం కాము. కాని పోచారంలో ఉంటూ ఆ సంగతులు మాకు తెలియవంటే ఎవరూ నమ్మరు.

కంప్యూటరు మన తూర్పు వైపుకు ఇన్ఫోసిస్‌తోనే వచ్చిందని మన పిల్లలు అనుకుంటారు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే, 1967లో, నాచారానికి కూతవేటు దూరంలో ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును బజారులో పెట్టింది. 1978లో ఐ.బి.ఎం. మన దేశం విడిచి వెళ్ళింది. 1984లో కొత్త కంప్యూటర్ విధానం వచ్చి దిగుమతులు సులువయ్యాయి. పోటీలో ఆ పాత యంత్రాలు నిలవలేదు, కంపెనీ మాత్రం నిలిచింది. అణు విద్యుత్ కేంద్రాలకు పరికరాలు చేసింది, ఓటింగు యంత్రాలూ చేసింది. మనం ఓటుకు నొక్కే మీట ఇ.సి.ఐ.ఎల్.దో, బెంగుళూరు బి.ఇ.ఎల్.దో అయి ఉంటుంది.

విప్రో కథ కూడా అలాంటిదే. 1945లో మహారాష్ట్రలోని అమల్నేరులో వనస్పతి నూనెల కంపెనీగా మొదలైంది. 1966లో తండ్రి చనిపోతే అజీమ్ ప్రేమ్‌జీ 21 ఏళ్ళకే బాధ్యత ఎత్తుకున్నారు. తర్వాత కంప్యూటర్లలోకి దిగినా, సబ్బుల వ్యాపారం వదిలిపెట్టలేదు. మన ఇళ్ళలోని సంతూర్ సబ్బు వాళ్ళదే కదా!

ఇప్పుడు మన సంగతికి వద్దాం. వరంగల్ రోడ్డు మీద క్యాంపస్ వచ్చాక మనవాళ్ళు ఎన్ని పనులు పెట్టలేదు? లేడీస్ హాస్టలు, మెస్సు, చాయ్ దుకాణం, జిరాక్సు, ఆటో. మెట్రో 2017లో నాగోలు దాకానే వచ్చింది గనుక ఆటోవాళ్ళకు కూడా గిరాకీ ఉండేది. అందరి గిరాకీ ఆ ఒక్క గేటులోంచే వచ్చేది. 2020 మార్చిలో ఆ గేటు మూతపడింది. ఉద్యోగి ల్యాప్‌టాప్ సంచిలో వేసుకొని ఊరెళ్ళి అక్కడే పని చేసుకున్నాడు. మెస్సు పొయ్యిని ఏ సంచిలో పెట్టుకొని పోతాం? అద్దె ఆగలేదు, ఫైనాన్సు వాయిదా ఆగలేదు. కొందరి ఇళ్ళలో నగలు బ్యాంకుకు చేరి తిరిగి రాలేదు.

అప్పుడు ఒక సోదరి ఏం చేసిందో చెప్పాలి. ఆవిడ తన మెస్సులో తిన్నవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి కారం తక్కువ కావాలో కూడా నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. అన్నోజిగూడలో, నారపల్లిలో కాపురాలున్నవాళ్ళకు ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. పదిమందితో మొదలుపెట్టి క్యారేజీలు ఇళ్ళకు పంపింది. గేటు మళ్ళీ తెరిచాక కూడా ఆ క్యారేజీలు మానలేదు. స్టార్టప్ కుర్రాళ్ళు డేటా, డేటా అంటారే, ఆ నోటుబుక్కు అదే! ఆవిడకు ఆ మాట చెబితే నవ్వింది.

మన యువకులు టీ-హబ్‌కు వెళ్తామంటున్నారు. 2015లో మొదలైంది, 2022లో రాయదుర్గంలో పెద్ద భవనంలోకి మారింది. వెళ్ళనివ్వండి, మేము అడ్డు చెప్పము. ఒక్కటే అడుగుతాము: బేటా, నీ యాప్‌కు డబ్బు ఇచ్చేది ఎవరు? ఇన్వెస్టరు ఇచ్చేది పెట్టుబడి, అది సంపాదన కాదు. కొనేవాడొక్కడే అయితే వాడు మానుకున్న రోజున నీ సంగతేమిటి?

ఇంకొకటి. దోస్తులు ముగ్గురు కలిసి నోటిమాట మీద భాగస్వామ్యం పెడుతున్నారు. "మా మధ్య కాగితాలేమిటి భాయీ" అంటారు. అప్పును రాసుకొమ్మని మన ధర్మం కూడా చెప్పింది కదా. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం రిజిస్టరు కాని ఫర్మ్, బాకీ ఎగ్గొట్టిన బయటివాడి మీద ఒప్పందం ఆధారంగా కోర్టులో దావా వేయడం కుదరదు. ఇది చాలామందికి తెలియదు. అలాగే చిన్న వ్యాపారాలకు 2020 జులై నుంచి ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషనుకు ప్రభుత్వ రుసుము ఏమీ లేదు. దానికి ఏజెంట్లకు వందలూ వేలూ పోయకండి.

సభ అయ్యాక వెనుక బల్ల దగ్గర మేము కూర్చుంటాము. ఆధార్ కార్డు, పాన్ కార్డు, లెక్కల పుస్తకం తెచ్చినవాళ్ళు రావచ్చు. పుస్తకం లేనివాళ్ళు కూడా రండి, గీతలు కొట్టిన రిజిస్టర్లు కొన్ని తెచ్చాము.