కోళ్ళగూటి కాపుదల

పంచాయతీ సభ్యులారా!

వాన తప్పిన ఏట మన అనంతపురము మెట్టలలో పేద ఇల్లాలికి నాలుగు కోళ్ళే చేతిరొక్కము. ఒక్కరాత్రి అడవిపిల్లి గూటిలో దూరినచో ఆ ఆధారము పోవును. అయినను విషము పెట్టుట, ఉచ్చు పన్నుట తగదు. అడవిపిల్లి, గుంటనక్క, ముంగిస 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడు ప్రాణులు. వేరుశనగ చేలలో ఎలుకలను తినునవియు అవియే. విషము ఊరికుక్కలను సైతము చంపును.

కావున గూటినే బలపరచవలెనని మేము కోరుచున్నాము. కన్నులు అర అంగుళము మించని గట్టి ఇనుపవల బిగించి, దాని అంచును ఒక అడుగు లోతున పాతవలెను. పొద్దు గ్రుంకకమునుపే కోళ్ళను లోనికి తోలి గడియ వేయవలెను. జంతువు కరచినచో గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఈ మాటలను గ్రామసభలో చదివి వినిపింతురుగాక!