రంగుల రూపాయి: కొనాలా, వద్దా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పవలసినదంతా చెప్పారు. "మీరు ఖజానా శాఖలో పనిచేశారు, పాత నాణేల సరదా కూడా ఉంది, దాని గురించి పది నిమిషాలు చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను ఆజ్ఞాపించారు. నాణేల చరిత్ర మొత్తం చెబితే మీరు భోజనాలకు లేచిపోతారు. కనుక ఒకే ఒక్క నాణెం సంగతి చెబుతాను. మన డబ్బుకు సంబంధించిన విషయం కాబట్టి కొంచెం ఓపిగ్గా వినవలసిందిగా మనవి.

2024లో మన సభ్యులొకరికి డి.ఏ. బకాయి చేతికొచ్చింది. ఆయన రిటైరైన ఉపాధ్యాయులు. పేరెందుకు, మాస్టారు అందాం. ఒక నాణేల ప్రదర్శనలో ఆయన ఒక వెండి రూపాయి చూశారు. 1911 నాటిది, అయిదో జార్జి బొమ్మ. అంచున నీలం, లోపలికి ఊదా, మధ్యలో బంగారు ఛాయ, నెమలి కంఠంలా మెరిసిపోతోందట. ధర నలభై వేలు. "బాబాయి గారూ, నూరేళ్ళు ఎవరూ తాకని సహజమైన రంగు. మనవడి చదువుకు పనికొస్తుంది, ఉంచుకోండి" అన్నాడట అమ్మే కుర్రవాడు. మాస్టారు ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు.

ముందుగా ఆ రూపాయికి అంత పేరెందుకో చెప్పాలి. రాజుగారి వస్త్రం మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. 1911 అచ్చులో దాని తొండం పొట్టిగా పడి, చూసేవారికి పందిలా కనిపించింది. ముస్లిములు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం పంపిణీ ఆపి, 1912లో తొండం స్పష్టంగా కనబడేలా బొమ్మను సవరించింది. కలకత్తా, బొంబాయి టంకశాలల్లో కలిపి సుమారు 94 లక్షలు ముద్రిస్తే, ఏడు లక్షల వరకే బయటికి వెళ్ళాయని నాణేల పట్టికలు చెబుతున్నాయి. మిగిలినవి కరిగించారు. దీన్నే పంది రూపాయి అంటారు. కనుక దానికి గిరాకీ ఉన్నమాట నిజమే. కుర్రవాడు అందులో అబద్ధమాడలేదు.

ఇక రంగు. వెండి పాత్ర నల్లబడటం మన ఆడవారికి తెలియని సంగతి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి పైన ఒక పలుచని పొర కడుతుంది. ఆ పొర మందాన్ని బట్టి వెలుగు విరిగి రంగులు కనబడతాయి, వాన నీటి మీద కిరసనాయిలు చుక్క పడితే కనబడినట్టు. పొర పలుచగా ఉన్నప్పుడు పసుపు, బంగారు ఛాయ. కొంచెం పెరిగితే ఎరుపు, ఊదా. ఇంకా పెరిగితే నీలం. చివరికి నలుపు. దీన్నే నాణేల వారు టోనింగ్ అంటారు. అంటే, మనం రంగు అని మురిసేది నలుపుకు వెళ్ళే దారిలో ఒక మజిలీ మాత్రమే.

ఈ రంగు మోజు ఎక్కువగా పెరిగింది అమెరికాలో. అక్కడ మోర్గన్ డాలర్లని వెండి నాణేలుండేవి. వాటిని వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ఖజానా గదుల్లో దశాబ్దాల తరబడి ఉంచారు. సంచి గుడ్డను ఆనుకున్న నాణేలకు, గుడ్డలోని గంధకం వల్ల, ఇంద్రధనుస్సు రంగులు వచ్చాయి. పక్క నాణెం కప్పిన మేర తెల్లగానే ఉండి, మిగతా భాగం చంద్రవంకలా రంగు తేలింది. 1960ల మొదట్లో ఆ సంచులు విప్పి జనానికిచ్చారు. అలాంటి వాటికి మామూలు డాలరు కంటే ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. ఖజానా సంచులు మోసిన మనబోటి వారికి ఈ సంగతి వింటే ముచ్చటేస్తుంది.

మరి మన ఇళ్ళలో వెండి రూపాయలు ఎలా ఉన్నాయి? లక్ష్మీపూజలో పసుపు కుంకుమలతో ఉన్నాయి. ప్రతి శ్రావణమాసంలో చింతపండుతోనో విభూతితోనో తళతళలాడేలా తోమించుకున్నాయి. అది భక్తి, తప్పు పట్టవలసినది కాదు. కానీ తోమిన నాణేనికి టంకశాలలో వచ్చిన మెరుగు పోతుంది, సన్నని గీతలు మిగులుతాయి. ఇళ్ళలో తిరిగిన రూపాయికి నూరేళ్ళ రంగు చెదరకుండా ఉండటం అరుదు. "మా తాతగారి పెట్టెలోది" అనగానే నమ్మవద్దని చెప్పడానికే ఇంత చెప్పాను.

మళ్ళీ మాస్టారి రూపాయి దగ్గరకు వద్దాం. నేను గుమాస్తాని. బిల్లు వస్తే పద్దులు విడగొట్టనిదే పాస్ చేయలేను. నలభై వేలను మూడు పద్దులుగా విడగొట్టాను.

మొదటి పద్దు వెండి. పాత రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. మన పెద్దలు రూపాయెత్తు అనేవారు, అదే ఇది. అందులో వెండి 91.7 శాతం, అంటే పది గ్రాముల ఏడు వందల మిల్లీగ్రాములు. ఆనాటి ధరకు సుమారు వెయ్యి రూపాయలు.

రెండో పద్దు నాణెం. దాని అరుదుదనం, అరగకుండా ఉండటం. ఇందుకోసం అదే ప్రదర్శనలో మరో రెండు బల్లల దగ్గర, అంతే స్పష్టంగా ఉన్న, రంగులేని 1911 రూపాయి ధర అడిగాం. పదిహేను వేల దగ్గర చెప్పారు. వెండి వెయ్యి తీసేస్తే పద్నాలుగు వేలు.

మూడో పద్దు రంగు. మిగిలిన పాతిక వేలూ దానికే.

మాస్టారు నా కాగితం చూసి, "అంటే నేను పాతిక వేలు పెట్టి కొనేది వెండి మీది కిలుమునా?" అన్నారు. "అవునండీ, అది నిజమైన కిలుమేనా అన్నది ఇంకా తేలలేదు" అన్నాను.

అది తేల్చడానికి పదిరెట్ల భూతద్దం, ఒక దీపం చాలు. కుర్రవాడి అనుమతితో, అంచులు మాత్రమే పట్టుకుని చూశాం. చూడవలసినవి నాలుగు.

ఒకటి, రంగుల వరుస. సహజంగా వచ్చినదైతే పసుపు నుంచి ఎరుపు, ఎరుపు నుంచి ఊదా, ఊదా నుంచి నీలం, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ సాగుతాయి. పసుపు, ఎరుపు లేకుండా తెల్ల వెండి మీద నీలం మచ్చ తటాలున మొదలైతే అనుమానించాలి.

రెండు, అక్షరాల పక్కలు. ఉబ్బెత్తు అక్షరాల మూలల్లో గాలి, ధూళి వేరుగా చేరతాయి కనుక సహజమైన రంగు అక్కడ కొంచెం మారుతుంది. అంతటా ఒకే పూతలా ఉంటే మనిషి చేయి పడిందేమో అనుకోవాలి.

మూడు, మెరుగు. దీపం కింద నాణేన్ని అటూ ఇటూ వంచితే, తోమని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. రంగు కిందనుంచి కూడా అది కనబడాలి. కనబడకపోతే లోపల నాణెం ప్రాణం లేనిదన్నమాట.

నాలుగు, గీతలు. ఇది ముఖ్యం. రంగు వచ్చాక పడిన గీత తెల్లగా కనబడుతుంది. గీత లోపల కూడా అదే రంగు ఉంటే, గీత ముందు పడింది, రంగు తరువాత వచ్చింది.

మాస్టారి రూపాయిలో రాజుగారి చెంప మీద, వెనక ఖాళీ జాగాలో, ఒకే వైపుకు సాగిన సన్నని గీతలు కనిపించాయి. వాటి మీదుగా నీలం, ఊదా చక్కగా పరుచుకున్నాయి. అంటే ఎవరో ఎప్పుడో తోమారు, ఆ తరువాతే రంగు వచ్చింది. అట్టపెట్టెలో ఏళ్ళ తరబడి ఉండి వచ్చిందో, గంధకం పొగ పెడితే వారంలో వచ్చిందో నేను చెప్పలేను. "నూరేళ్ళు ఎవరూ తాకనిది" అన్న మాట మాత్రం నిలవదు. కుర్రవాడు మోసగాడని నేననను. అతనికీ ఎవరో అదే మాట చెప్పి అమ్మి ఉండవచ్చు.

అప్పుడు మాస్టారు ఒక మంచి ప్రశ్న వేశారు. "బాబూ, రంగు సహజమని బిల్లు మీద రాసి, కాదని తేలితే నెలలో వాపసు తీసుకుంటానని సంతకం చేస్తావా?" అని. కుర్రవాడు తల గోక్కున్నాడు. "అలా రాయం సార్. మీకోసం ఇరవై రెండు వేలకు ఇస్తాను" అన్నాడు.

ఇక్కడే అసలు చిక్కు. ధర సగానికి పడగానే మనిషికి ఆశ పుడుతుంది. మాస్టారు నా ముఖం చూశారు. నేను లెక్క మళ్ళీ వేశాను. రంగు పద్దు సున్నా. తోమిన నాణెం గనుక రెండో పద్దులో కూడా కోత పడాలి. ఇరవై రెండు వేలు ఇంకా ఎక్కువే. ఆపైన ఒక్కటే అడిగాను. "మాస్టారూ, పదేళ్ళకు ఇది నల్లబడిపోతే మీకు బాధ ఉంటుందా?" అని. "మనవడి చదువు కోసం కదండీ" అన్నారు. "అయితే వద్దు. చదువు డబ్బు పోస్టాఫీసులో ఉండాలి. కళ్ళ పండుగకైతే, పోయినా బాధలేని డబ్బుతో, నిరభ్యంతరంగా కొనండి" అన్నాను. ఆయన కాసేపు రూపాయిని చూసి, నెమ్మదిగా దాని పెట్టెలో పెట్టి ఇచ్చేశారు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ఆయన మాట్లాడలేదు. అందమైన వస్తువును వదలి రావడం తేలిక కాదు.

రంగు నాణేలన్నీ నకిలీలని నేను చెప్పడం లేదు. నిజమైనవి ఉన్నాయి, చూడముచ్చటగా ఉంటాయి. అమెరికాలో 1986లో ఒకటి, 1987లో ఒకటి, నాణేలను పరీక్షించి, 70 వరకు అంకె వేసి, ప్లాస్టిక్ డబ్బీలో బిగించి ఇచ్చే సంస్థలు వచ్చాయి. తోమినట్టో, రంగు వేసినట్టో తేలితే మామూలు అంకె వేయరు, లోపం రాసిపెడతారు. అలాంటి డబ్బీలో ఉన్నది కొంటే భయం తగ్గుతుంది. అయితే డబ్బీలకు కూడా నకిలీలున్నాయి. దాని మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో మీ పిల్లల చేత సరిచూపించండి.

మరి రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. నూరేళ్ళు దాటిన నాణెం 1972 నాటి పురావస్తు చట్టం కింద పురావస్తువు. మన దేశంలో ఉంచుకోవచ్చు గాని, అమెరికాలో ఉన్న మనవడికి బహుమతిగా పట్టుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు. విమానాశ్రయంలో ఆ వయసులో మనకు ఆ అవస్థ వద్దు. రెండోది, "మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషను కట్టండి" అని ఫోన్లు వస్తున్నాయి. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుతున్నారు. తాము అలాంటి లావాదేవీలు చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఒక్క పైసా కట్టవద్దు.

ఇక మీ ఇంట్లో పాత వెండి రూపాయి ఉంటే, దయచేసి దాన్ని తోమకండి. రబ్బరు బ్యాండు చుట్టకండి. మెత్తని ప్లాస్టిక్ కవరులో పెట్టకండి, జిగురు కారి పాడవుతుంది. పొడిగా ఉన్న చోట, అంచులు పట్టుకుని పెట్టండి. రంగు వస్తే దానంతట అదే వస్తుంది, దానికి మీరు పాతిక వేలు కట్టనక్కరలేదు.