పిల్లల బొమ్మను దిద్దకండి, వినండి

(తిరువూరులో అంగన్‌వాడీ కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను. ఈ చుట్టుపక్కల ఒక ఊళ్ళో పిల్లలచేత బొమ్మలు వేయిస్తున్న రోజులవి. నాలుగేళ్ళ పాప ఒకతి ఇల్లు వేసి, దానిమీద కాగితం చిరిగేంతగా నల్లరంగు పులిమింది. "ఇల్లు ఇలా ఉంటుందా తల్లీ? మంచి రంగులు వెయ్యి" అని ఇంకో కాగితం ఇచ్చాను. ఈసారి అందరిలాగే మామిడిచెట్టూ, సూర్యుడూ వేసింది. నేను మెచ్చుకున్నాను. పాప మాత్రం ఆ రోజంతా నోరు విప్పలేదు. మొదటి బొమ్మ గురించి అడిగే అవకాశాన్ని నేనే పోగొట్టుకున్నాను.

మనల్ని పెంచిందీ ఇలాగే కదా! ఆడపిల్లకు కోపం తగదు, మగపిల్లవాడు ఏడవకూడదు. ముగ్గు నేర్పినప్పుడు కూడా చుక్క తప్పితే చెరిపించారు. ముగ్గు మన కళే, కాదనను. కానీ మన మనసులో ఏముందో వెయ్యమని మనకెవరూ చెప్పలేదు.

ఇది సరదా విషయం కాదు, హక్కు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో అంగీకరించింది. అందులో 13వ అధికరణం పిల్లల భావప్రకటనా స్వేచ్ఛకు మాట, రాతలతో పాటు కళను కూడా మార్గంగా పేర్కొంది.

ఫ్రీడల్ డికర్-బ్రాండీస్ అనే చిత్రకారిణిని నాజీలు 1942లో టెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడి పిల్లలకు ఆమె బొమ్మలు నేర్పింది. ప్రతి బొమ్మమీదా ఎవరి పేరు వాళ్ళచేతే రాయించేది. 1944లో ఆమెను ఆష్‌విట్జ్‌లో చంపారు. ఆ పిల్లల్లోనూ చాలామంది బతకలేదు. ఆమె దాచి వెళ్ళిన సుమారు 4,500 బొమ్మలు మాత్రం మిగిలాయి. శిబిరం నంబర్లుగా మార్చిన పిల్లలు ఆ కాగితాలమీద తమ పేర్లతో ఉన్నారు.

మనకు పెద్ద ఖర్చేం అక్కర్లేదు. పాత కాగితాలు, బొగ్గు, ఎర్రమట్టి, పసుపు చాలు. పసుపులో చిటికెడు సున్నం మనమే కలిపిస్తే ఎర్రరంగు తయారు. "కోపమొస్తే ఏ రంగు? భయమేస్తే ఎలాంటి గీత?" అని అడగండి. నమూనా ఇవ్వకండి, మార్కులు వెయ్యకండి. "ఏం బొమ్మ ఇది?" అని నిలదీయకుండా, "దీని గురించి చెప్తావా?" అనండి. చెప్పకపోతే ఊరుకోండి.

ఒక హెచ్చరిక. నల్లరంగు కనబడగానే ఆ ఇంట్లో ఏదో ఘోరం జరిగిందని తేల్చెయ్యకండి. ఆ పూట చేతికి బొగ్గే దొరికి ఉండొచ్చు. బొమ్మ సాక్ష్యం కాదు, మాటకు దారి మాత్రమే. కానీ ఆ దారిలో పిల్ల తనమీద జరిగిన లైంగిక హింస గురించి చెబితే, గుచ్చిగుచ్చి అడగకండి, అబద్ధమనకండి. ఆమె మాటల్లోనే రాసుకోండి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత. పరువు పేరుతో ఊళ్ళో పంచాయితీ పెట్టి సర్దేసే హక్కు ఎవరికీ లేదు. సాయానికి 1098కి ఫోన్ చెయ్యండి.

ఆ పాప ఏం చెప్పాలనుకుందో నాకు ఈనాటికీ తెలియదు. ఇంకో పాప దగ్గర మీరా పొరపాటు చెయ్యకూడదనే ఇదంతా చెప్పాను.