బీడీ మానుదాం, దుమ్మును నిలదీద్దాం
(మిల్లు, రీలింగు కార్మికుల సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కూలి గురించి, బోనస్ గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు మన ఊపిరి గురించి మాట్లాడుకుందాం.

నూలు మిల్లులో పనిచేసినవారికి తెలుసు. వారం సెలవు తర్వాత పనిలోకి దిగిన రోజే ఛాతీ పట్టేస్తుంది, ఊపిరి ఆడదు. పత్తి దుమ్ము వల్ల వచ్చే ఈ జబ్బును బిసినోసిస్ అంటారు. రీలింగు దగ్గర పట్టుగూళ్ళు ఉడికే ఆవిరికీ, పొయ్యి పొగకూ కొందరికి ఉబ్బసం వస్తుంది. ఇది చాలదన్నట్టు మనం చేజేతులా బీడీ పొగ కూడా కలుపుతున్నాం.

బీడీ చిన్నదే కదా, సిగరెట్టు కన్నా నయమే కదా అనుకుంటాం. అది పొరపాటు. తునికాకులోంచి గాలి సరిగా ఆడదు. ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. అందుకే తారు, విషవాయువు ఎక్కువగా లోపలికి పోతాయి.

మానితే ఏమవుతుంది? రెండు మూడు రోజుల్లో నెత్తురులోని విషవాయువు పోతుంది. చిరాకు, నిద్రపట్టకపోవడం మొదటి వారంలో ఎక్కువ. మూడు నాలుగు వారాల్లో తగ్గుతాయి. ఊపిరి గొట్టాల్లో కళ్ళెను బయటికి ఊడ్చే సన్నని నూగు ఉంటుంది. పొగకు చచ్చుబడిన ఆ నూగు మళ్ళీ పనిచేస్తుంది. అప్పుడు కొన్నాళ్ళు దగ్గు పెరగవచ్చు. "మానితేనే దగ్గొచ్చింది" అని మళ్ళీ బీడీ ముట్టించకండి. కొన్ని నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. ఏడాదికి గుండెజబ్బు ముప్పు, పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు సగానికి పడిపోతాయి. పాడైన గాలిగదులు మాత్రం తిరిగి రావు. కాబట్టి రేపు కాదు, ఈరోజే మానాలి.

ఇంకొక మాట. దగ్గుతూ వెళ్తే "నీ బీడీ వల్లే" అని చెప్పి పంపేసేవారు ఉన్నారు. బీడీ ముట్టనివారికీ బిసినోసిస్ వస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం దీన్ని ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో చేర్చింది. దాని స్థానంలో వచ్చిన 2020 వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఇది ఉంది. మనం బీడీ మానితే ఆ సాకు కూడా పోతుంది.

అందుచేత మన పని రెండు వైపులా ఉంది. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించుకోండి. మానాలనుకునే తోటి కార్మికునికి బీడీ అందించకండి. దుమ్ము లాగే యంత్రాలు, గాలి వెలుతురు, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష కావాలని యాజమాన్యాన్ని అందరం కలిసి అడుగుదాం.

మన ఊపిరి మన హక్కు. కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!